‘ఒక్క జవాబు’ నుంచి ‘ఆధారమేంటి?’ దాకా..
యూనివర్సిటీ మెట్లెక్కాక మారే పిల్లల ఆలోచన

బళ్లారి: శ్రీకృష్ణదేవరాయలు ఎవరివాడు? మన సరిహద్దు ఊళ్లలో ఈ ప్రశ్న వేసి చూడండి. టీకొట్టు దగ్గరైనా, పెళ్లి పందిట్లోనైనా అరగంట కాలక్షేపం గ్యారంటీ! తెలుగింటి ఏడో తరగతి పిల్లాడు ‘మనోడే, ఆముక్తమాల్యద రాశాడు కదా’ అంటాడు. పక్కింటి కన్నడ పిల్లాడు ‘నమ్మవరు’ అని అంతే గట్టిగా చెబుతాడు. బరంపురం, పర్లాకిమిడి వైపు వెళితే కథే వేరు. ఒరియావారి గజపతి ప్రతాపరుద్రుణ్ని ఓడించి ఉదయగిరి (1514), కొండవీడు (1515) కోటలు లాక్కున్న రాజు ఆయన.

ఈ ఏడో తరగతి పిల్లాడే పెద్దయ్యి, బీఏలోనో ఎమ్మేలోనో చరిత్ర చదువుతూ సెలవులకు ఇంటికొస్తాడు. తండ్రి అదే ప్రశ్న వేస్తే సూటిగా చెప్పడు. ‘అట్లా తేల్చి చెప్పలేం నాయనా’ అని నసుగుతాడు. ఇంత డబ్బు పోసి చదివిస్తే ఉన్న జవాబు కూడా పోగొట్టుకొచ్చాడే అని తండ్రికి దిగులు. పైకి చెప్పడుగానీ పిల్లాడికీ లోపల దిగులే.

ఈ నసుగుడు వెనుక ఏముందో అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీలో విలియం పెర్రీ 1950ల్లోనే ఆరా తీశారు. చదువులో తడబడే విద్యార్థులకు సలహాలిచ్చే విభాగం ఆయనది. పెద్ద ప్రయోగాలేం చేయలేదు. ఏటా చదువుల చివర్లో విద్యార్థుల్ని కూర్చోబెట్టి, ఈ ఏడాదిలో నీ మనసులో నిలిచిపోయిందేమిటని అడిగేవారు. నాలుగేళ్లపాటు వాళ్లు చెప్పిన మాటల్ని పక్కపక్కన పెట్టి చూసి, 1970లో పుస్తకం వేశారు.

మేస్టారి మాటే వేదం

పెర్రీ తొమ్మిది మెట్లు లెక్కగట్టారు. అన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదు, మూడు మాటల్లో చెప్పుకోవచ్చు. మొదట్లో.. ప్రతి ప్రశ్నకూ సరైన జవాబు ఒక్కటే, అది మేస్టారి దగ్గరుంది, రాసుకుని అప్పజెప్పడమే మన పని. ఏ మేస్టారైనా రెండు వాదనలు చెప్పి ఊరుకుంటే ‘ఈయనకు సబ్జెక్టు రాదు’ అనేస్తారు. గైడ్లు, ఇంపార్టెంట్ ప్రశ్నల మీద నడిచే కాలేజీల్లో అయితే ఈ మెట్టు దిగకుండానే డిగ్రీ పట్టా చేతికొచ్చేస్తుంది!

తరువాత.. పెద్దపెద్ద పండితులకే ఒకరితో ఒకరికి పడదని తెలుస్తుంది. దాంతో ‘ఎవరి అభిప్రాయం వాళ్లది, నా మాటకేం తక్కువ?’ అంటారు. ఇంట్లో పెద్దలతో పేచీలు ముదిరేదీ ఇక్కడే. మూడోది కష్టమైంది. అభిప్రాయాలన్నీ ఒకే తూకం కావని, దేని వెనుక ఎంత ఆధారముందో చూడాలని తెలుసుకోవడం. చూశాక, రేపు మార్చుకోవాల్సి రావచ్చని తెలిసి కూడా ఒక మాట మీద నిలబడటం.

శాసనంలో కన్నడం, కావ్యంలో తెలుగు

రాయల సంగతే తీసుకోండి. ఆయన వంశం పేరు తుళువ. ఆ పేరు చూస్తే మంగళూరు వైపు తుళునాడు గుర్తొస్తుంది. పట్టాభిషేకం నాటి శాసనం హంపి విరూపాక్షాలయంలో ఉంది. అది సంస్కృతం, కన్నడం. ఆముక్తమాల్యద తెలుగు కావ్యం. అందులో కథేమో తమిళనాట శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవిది. కృష్ణా జిల్లా శ్రీకాకుళంలోని ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి తెలుగులో రాయమన్నాడని రాయలే అందులో చెప్పుకున్నారు. మన సభల్లో తెలుగు గొప్పదనానికి మారుమోగే మాట ఆ కలలోదే. అదే ఘట్టంలో స్వామి రాయల్ని పిలిచిన పిలుపు ‘కన్నడరాయ’! మొదటిది మైకులో చెప్పి రెండోది మింగేసే వక్తలే ఎక్కువ.

ఇవన్నీ ముందేసుకున్న విద్యార్థి ముందు ప్రశ్ననే విడగొడతాడు. ఎవరివాడంటే.. ఇంట్లో మాట్లాడిన భాషా, ఏలిన నేలా, మెచ్చి రాసిన భాషా? రాయలకు తెలుగు మీద మక్కువ ఉందనడానికి ఆముక్తమాల్యద గట్టి ఆధారమే. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడాడనడానికి అదొక్కటే చాలదు. నసుగుడులా వినిపించింది ఇదే కావచ్చు. హద్దుకు అటు అనంతపురంలో 1981 నుంచి, ఇటు బళ్లారిలో 2010 నుంచి యూనివర్సిటీలు రెండూ రాయల పేరునే మోస్తున్నాయి మరి.

మధ్యలో దిగబడితే..

మెట్లన్నాక అందరూ ఎక్కుతారని కాదు. కొందరు ఏడాదిపాటు ఉన్నచోటే ఆగిపోవడం, కొందరు భయపడి పాత ‘ఒక్క జవాబు’లోకే వెనక్కెళ్లి మరింత మొండికేయడం, ఇంకొందరు ‘ఏదైతేనేం’ అని బాధ్యత దులుపుకోవడం పెర్రీ గమనించారు. పాత నమ్మకం పోయినప్పుడు అయినవాళ్లు పోయినంత బాధ ఉంటుందనీ, దాన్ని మేస్టార్లు గుర్తించాలనీ ఆయన రాశారు. మార్కుల జాబితాలో ఈ బాధ కనబడదు.

హార్వర్డ్ లెక్క మన పిల్లలకు అచ్చుగుద్దినట్లు సరిపోవాలనేం లేదు. పెర్రీ మాట్లాడింది ఎక్కువగా మగపిల్లలతోనే. 1986లో నలుగురు మహిళా పరిశోధకులు 135 మంది స్త్రీలతో మాట్లాడి మరో పుస్తకం తెచ్చారు. తమకంటూ ఓ అభిప్రాయం ఉండొచ్చన్న సంగతే తెలియనివాళ్లు వారిలో కనిపించారు. అలాంటివాళ్లకు ‘నా మాటకేం తక్కువ’ అనడమే పెద్ద గెలుపు. ‘నీకేం తెలుసు, ఊరుకో’ అనే మాట వింటూ పెరిగే మన ఆడపిల్లల ఇళ్లకు ఇది బాగా తగులుతుంది.

అదే 1986లో ఒహాయో రాష్ట్రంలోని మయామి యూనివర్సిటీలో మార్సియా బాక్స్టర్ మగోల్డా 101 మంది విద్యార్థుల వెంట పడ్డారు. చదువు అయ్యాక కూడా ఏళ్ల తరబడి వదల్లేదు. చేరినప్పుడు ఎక్కువమందిది ‘ఒక్క జవాబు’ నమ్మకమే. నాలుగో ఏడాదికి అది దాదాపు కరిగిపోయింది. కానీ ఆధారాలు తూచి సొంతంగా తేల్చుకునే స్థితికి కాలేజీలో ఉండగా చేరినవాళ్లు బహు తక్కువ. చాలామందికి అది ఉద్యోగాలు, పెళ్లిళ్లు, పిల్లల మధ్య ముప్పైలకు దగ్గరపడేటప్పుడు అబ్బింది. కాబట్టి సెలవులకొచ్చిన పిల్లాడి నసుగుడు చూసి తండ్రి అప్పుడే లెక్క తేల్చేయక్కర్లేదు. ‘ఎందుకట్లా అంటున్నావు?’ అని ఇంకో మాట అడగొచ్చు.

మన సరిహద్దు పిల్లలకు ఇందులో కాస్త వెసులుబాటు కూడా ఉంది. హంపి శాసనంలోని కన్నడమూ, ఆముక్తమాల్యదలోని తెలుగూ.. రెండూ పాతవే, రెండింటికీ నిఘంటువు పక్కన పెట్టుకోవాల్సిందే. అయినా అనువాదం మీద ఆధారపడకుండా రెంటినీ చూడగలిగేది రెండు భాషలూ వచ్చినవాళ్లే. బళ్లారి, హొసపేట వీధుల్లో ఆడుకుంటూ పెరిగిన పిల్లలకు ఆ రెండూ ఎటూ వచ్చు.