530016: చిరునామాలోని సంఖ్య, సంఖ్యలోని గణితము

విశాఖపట్టణములోని ద్వారకా నగర్‌కు ఉత్తరము వ్రాయువారు చిరునామా చివర 530016 అని వేయుదురు. ఇది భారత తపాలా శాఖ 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన పిన్‌కోడు పద్ధతిలోని సంఖ్య. మొదటి అంకె 5 ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలున్న ప్రాంతమును, మొదటి మూడంకెలు కలిసి ఉత్తరములను వేరుచేయు జిల్లాను, చివరి మూడంకెలు బట్వాడా చేయు తపాలా కార్యాలయమును తెలుపును. ఇచ్చట సంఖ్య పేరువలె పనిచేయుచున్నది. అయినను, అయిదు లక్షల ముప్పదివేల పదునారు అను పూర్ణాంకముగా చూచినచో దీనికి స్వంత గుణములు కలవు.

ముందుగా దీనిని విడదీయుదము. లక్ష 32 చేత నిశ్శేషముగా భాగింపబడును. కావున చివరి అయిదంకెలైన 30016ను చూచిన చాలును; 30016 = 32 × 938. ఇక సంఖ్యలోని అంకెల మొత్తము 15. అది 3 చేత భాగింపబడును, 9 చేత భాగింపబడదు. 32ను, 3ను తీసివేయగా 5521 మిగులును.

5521 ప్రధాన సంఖ్యయేనా? దానిని రెండు సంఖ్యల లబ్ధముగా వ్రాయగలిగినచో, వానిలో ఒకటి తప్పక 74కు మించక యుండును; ఏలయన 75 × 75 = 5625. కావున 74 లోపలి 21 ప్రధాన సంఖ్యలతో భాగించి చూచిన చాలును. ఏ ఒక్కదానితోను శేషము లేకుండ పోదు. అందుచేత 5521 ప్రధాన సంఖ్యయే.

530016 = 2⁵ × 3 × 5521

భాజకములలో 2ను సున్న మొదలు అయిదు సార్ల వరకు, అనగా ఆరు విధములుగను, 3ను, 5521ను రెండేసి విధములుగను తీసికొనవచ్చును. మొత్తము భాజకములు 6 × 2 × 2 = 24.

ఇంకొక విశేషము. 5521ను 4 చేత భాగించగా శేషము 1. అట్టి ప్రతి ప్రధాన సంఖ్యను రెండు వర్గముల మొత్తముగా వ్రాయవచ్చునని ఫెర్మా చెప్పెను: 5521 = 65² + 36². కాని 530016ను అట్లు వ్రాయుట అసాధ్యము. వర్గమును 3 చేత భాగించగా శేషము 0 గాని 1 గాని మాత్రమే వచ్చును. రెండు వర్గముల మొత్తము 3 చేత భాగింపబడవలెనన్న రెండు శేషములును 0 కావలెను. అప్పుడు మొత్తము 9 చేతను భాగింపబడును. ఈ సంఖ్య అట్లు భాగింపబడదు.

తొందరలో ఒకరు 530016ను 530061 అని వ్రాసిరనుకొందము. ఉత్తరము దారి తప్పవచ్చును. అంకెల మొత్తము మారదు గనుక 9 పరీక్షకు ఈ తప్పు దొరకదు. 11 పరీక్షకు దొరకును: మొదటిదానిలో శేషము 3, రెండవదానిలో 4. ప్రక్కప్రక్కనున్న రెండు వేరువేరు అంకెలు తారుమారైనపుడు వచ్చు భేదము, 9, ఆ అంకెల భేదము, 10 యొక్క ఒక ఘాతము, ఈ మూడింటి లబ్ధము. ఇందులో దేనికిని 11 కారణాంకము కాజాలదు. కావున శేషము తప్పక మారును. 2007కు ముందు ప్రచురించిన పుస్తకములపై కనుపించు పదంకెల ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యలో చివరి స్థానమును, వేరొక విధముగా కూర్చిన 11 లెక్కతోనే నిర్ణయించిరి.

పిన్‌కోడులో అట్టి తనిఖీ అంకె లేదు. అంకెలను సరిగా వ్రాయు బాధ్యత వ్రాయువారిదే. విద్యార్థులు తమ ఊరి పిన్‌కోడును ఇదే రీతిగా విడదీసి చూడవచ్చును.