చవక ఇయర్‌బడ్స్ నిజంగా చవకేనా?

అండమాన్ రాజధాని శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్)లోని డాలీగంజ్‌లో గాలికి తేమ, ఉప్పు రెండూ ఎక్కువే. అలాంటిచోట వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ కొనేటప్పుడు ధర ఒక్కటే చూస్తే చాలదు.

పెట్టెపై ‘ఐపీఎక్స్4’ అని ఉంటే నీటి తుంపరలను తట్టుకుంటాయని అర్థం. కానీ ఆ పరీక్ష చేసేది మంచినీటితో. చెమటలోని ఉప్పు ఛార్జింగ్ పిన్నులను మెల్లగా తినేస్తుంది. వాడిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవాలి.

రూ.1,000 జత 10 నెలలకే పాడైతే నెలకు రూ.100 పడినట్టు. రూ.2,400 జత 30 నెలలు పనిచేస్తే రూ.80 మాత్రమే.

చెవిలో చక్కగా అమరే రబ్బరు తొడుగులు బయటి రొదను ఆపుతాయి. అప్పుడు శబ్దం పెంచాల్సిన పని ఉండదు. పెద్దలు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. పెద్ద శబ్దాలకు చెవిలోని సూక్ష్మ కేశకణాలు చనిపోతే మళ్లీ పుట్టవు.