పట్టు తప్పుతున్న చేతికి స్ప్రింగు సాధన
ఇంట్లోనే సర్దుబాటు చేసుకునే పద్ధతులు

అనంతపురం: మెట్ట సేద్యం చేసే చేతికి ఒకప్పుడు వేరే కసరత్తు అక్కర్లేకపోయింది. తెల్లవారుజామున చేంతాడు పట్టి బావిలో నీళ్లు చేదడం, పొద్దెక్కేదాకా మేడి పట్టి దున్నడం, వాన మొహం చాటేసి నేల బిగుసుకుపోతే కాయలు తెగిపోకుండా చెనక్కాయ చెట్లు పెరకడం, విత్తనానికి గంపల కొద్దీ కాయలు ఒలవడం - ఇవే సాధన. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ పీఠభూమిలో వేళ్లు నొప్పి పుట్టకుండా గింజ ఇల్లు చేరేది కాదు. పండుగనాడు గుండెత్తే పందెంలో నిలిచిన పడుచువాళ్లకు ఆ పట్టు పొలమే ఇచ్చింది.

నేడు చేదబావులు చాలావరకు ఎండిపోయాయి. మీట నొక్కితే బోరు నడుస్తోంది. ట్రాక్టరు దున్నుతోంది, మిషన్ కాయలు ఒలుస్తోంది. ఆ చాకిరీ మళ్లీ రావాలని ఎవరూ కోరరు. అయితే చాకిరీతో పాటు చేతి పట్టు కూడా జారిపోతోంది.

పట్టు ఎందుకు ముఖ్యం?

భారతదేశంతో సహా 17 దేశాల్లో దాదాపు 1.4 లక్షల మంది చేతి పట్టును కొలిచిన ఒక పరిశోధన 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడింది. పట్టు 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణించే అవకాశం 16 శాతం చొప్పున ఎక్కువగా ఉన్నట్లు తేలింది. స్ప్రింగు నొక్కితే ఆయుష్షు పెరుగుతుందని దీని అర్థం కాదు. ఒంట్లోని సత్తువకు చేతి పట్టు ఒక కొలమానం అని మాత్రమే. మగవారికి 28 కిలోలు, ఆడవారికి 18 కిలోల కంటే తక్కువ ఉంటే పట్టు బలహీనమైనట్లేనని ఆసియా వైద్య నిపుణులు 2019లో ప్రమాణం పెట్టారు. పట్టు సడలిన ముసలివారికి నీళ్ల బిందె మోయడం, బస్సు కమ్మీ పట్టుకుని ఎక్కడం కూడా కష్టమే.

అందరికీ ఒకే స్ప్రింగు కుదరదు

ఆటవస్తువుల దుకాణాల్లో దొరికే గ్రిప్పర్ అంటే రెండు పిడుల మధ్య ఒక ఉక్కు చుట్ట. చిక్కల్లా దాని బిగువుతోనే. ఒకరికి అది రాయిలా ఉంటుంది, మరొకరికి ఆటబొమ్మలా ఉంటుంది. ఈ చిక్కు పాతదే. 1904-05లో భారతదేశంలో పర్యటించిన కండల వీరుడు శాండో అమ్మిన డంబెల్‌లో రెండు ముక్కల మధ్య చిన్న స్ప్రింగులు ఉండేవి. బలం పెరిగిన కొద్దీ స్ప్రింగుల సంఖ్య పెంచుకునేవారు. ఆ కిటుకునే నేడు సైకిల్ ట్యూబు ముక్కతో సాధించవచ్చు.

బిగువు తగ్గించాలంటే: పాత సైకిల్ ట్యూబును అడ్డంగా ఉంగరాల్లా కత్తిరించి, రెండు పిడులనూ కలిపి చుట్టూ తొడగాలి. రబ్బరు పిడులను దగ్గరికి లాగుతుంది గనుక చేతికి శ్రమ తగ్గుతుంది. ఉంగరం చిటికెన వేలి కింద, పిడి కొనకు ఉంటే సాయం ఎక్కువ. చూపుడు వేలి పైన, స్ప్రింగు దగ్గర ఉంటే తక్కువ. జారిపోకుండా కొనల్లో ఆకురాయితో సన్నని గాడి పెడితే చాలు. బలం వచ్చిన కొద్దీ ఉంగరాన్ని పైకి జరిపి, చివరికి తీసేయవచ్చు.

బిగువు పెంచాలంటే: పిడుల కొనల దగ్గర కాకుండా స్ప్రింగుకు దగ్గరగా పట్టుకుంటే అదే గ్రిప్పర్ గట్టిగా అనిపిస్తుంది. గడ్డపారను కొనదాకా పట్టుకోక మధ్యలో పట్టుకుంటే బండ కదలనట్లే ఇదీ. పూర్తిగా మూయగలిగినవారు పిడుల మధ్య రూపాయి బిళ్ల పెట్టి, అది పడిపోకుండా పది అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కి ఉంచాలి.

కొలిమి జోలికి పోవద్దు

స్ప్రింగును కొలిమిలో కాల్చి సరిచేయాలనుకోవడం పొరపాటు. ఎర్రగా కాలి నెమ్మదిగా చల్లారిన స్ప్రింగు పదును కోల్పోయి మెత్తబడుతుంది. నీళ్లలో ముంచి వదిలేస్తే పెళుసుబారి విరుగుతుంది. కొడవళ్లకు పదును పెట్టే కమ్మరికి ఈ సంగతి బాగా తెలుసు. ఉక్కు చుట్టను యాక్సా బ్లేడుతో కోయడం, దానిపై గీతలు పెట్టడం కూడా ప్రమాదమే. బిగువులో ఉన్న ఉక్కు విరిగితే ముక్క కంటికి తగలవచ్చు. తుప్పు పట్టి పగులు కనిపించిన గ్రిప్పర్‌ను పారేయడమే మేలు.

గ్రిప్పర్ లేకపోయినా

బకెట్‌లో ఇసుక పోసి, కమ్మీకి గుడ్డ చుట్టి లావు చేసి పట్టుకు నిలబడవచ్చు. నున్నని తాడిపత్రి బండ ముక్కను వేళ్లతో, బొటనవేలితో నొక్కి ఎత్తవచ్చు. పడినా కాళ్లకు తగలకుండా దూరంగా నిలబడాలి. పెద్దలు తడి తువ్వాలు పిండినా చాలు. వేళ్లకు రబ్బరు ఉంగరం తొడిగి విప్పార్చడం కూడా చేయాలి. మూసే కండరాలకే పని చెబితే మోచేయి నొప్పి పట్టవచ్చు.

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు చేస్తే సరిపోతుంది. కండ త్వరగా బలపడుతుంది, స్నాయువు ఆలస్యంగా బలపడుతుంది. తొందర కూడదు. రక్తపోటు ఉన్నవారు ఊపిరి బిగపట్టకూడదు, ముందు డాక్టరును అడగాలి. వేళ్లు తిమ్మిరెక్కితే ఆపేయాలి.

పొలం ఇచ్చిన పట్టు పొలంతోనే పోనవసరం లేదు. పాత ట్యూబు ముక్క, పది నిమిషాల తీరిక ఉంటే అరుగు మీద కూర్చునే దాన్ని కాపాడుకోవచ్చు.