ఆమ్లతను చూపే జెల్‌లు

రంజాన్ మాసంలో ఇఫ్తారు షర్బత్తులో వేసే సబ్జా గింజను చూడనివారుండరు. నీరు తగలగానే గింజ చుట్టూ స్వచ్ఛమైన పొర ఒకటి ఉబ్బుతుంది. అందులోని పొడవాటి అణు గొలుసులు నీటిని పీల్చి పట్టి ఉంచుతాయి. ఇటువంటి పదార్థమే జెల్. కృత్రిమ పాలిమర్ జెల్‌లకు మరొక గుణం కూడా కల్పించవచ్చు. చుట్టూ ఉన్న ద్రవపు ఆమ్లతను, అనగా పి.హెచ్.ను బట్టి అవి ఉబ్బుతాయి, లేదా ముడుచుకొంటాయి.

ఇందుకు కారణం విద్యుదావేశం. రొయ్యల పొట్టు నుండి తీసే కైటోసాన్‌లోని అమైన్ సమూహాలు ఆమ్ల ద్రవంలో హైడ్రోజన్ అయాన్లను గ్రహించి ధనావేశం పొందుతాయి. సజాతి ఆవేశాలు వికర్షించుకొనుటచే గొలుసులు ఎడమై, నడుమ నీరు చేరుతుంది. ద్రావణిలో గాని ఉష్ణోగ్రతలో గాని స్వల్పమైన మార్పుకే జెల్ హఠాత్తుగా ముడుచుకొనగలదని 1978లో తొయోఇచి తనాకా అమెరికాలో నిరూపించారు. మన సీమలో, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఆచార్య కె. చౌడోజి రావు గారి బృందం పి.హెచ్.ను బట్టి మందును విడిచే జెల్ గుళికలపై పరిశోధించినది.

మందు విషయంలో ప్రకృతి కొంత తోడ్పడుతుంది. జీర్ణాశయంలో పి.హెచ్. 1 నుండి 3 వరకు ఉండగా, ప్రేవులలో 6 దాటుతుంది. రోగ చిత్రణలో ఆ సౌలభ్యం లేదు. రక్తపు పి.హెచ్. 7.4, అనేక కాన్సర్ కణితులలో కణాల వెలుపలి ద్రవానిది 6.5 నుండి 7.0. ఈ ఇరుకు సందులోనే జెల్ మారవలెను.

అలిపిరి రోడ్డులోని స్విమ్స్ వంటి ఆస్పత్రులలో ఉన్న ఎం.ఆర్.ఐ. యంత్రం ప్రధానంగా శరీరంలోని నీటి హైడ్రోజన్ సంకేతాన్ని గ్రహిస్తుంది. గాడోలినియం సమ్మేళనం చెంతకు వచ్చిన నీరు చిత్రంలో మరింత ప్రకాశిస్తుంది. ఆ సమ్మేళనాన్ని ముడుచుకొన్న జెల్‌లో బంధిస్తే నీటి రాకపోకలు తగ్గుతాయి. కణితి ఆమ్లతకు జెల్ ఉబ్బితే నీరు చొరబడి ఆ చోటు వెలుగుతుంది. అయితే స్వేచ్ఛా గాడోలినియం విషం. కనుక జెల్ ఎంత ఉబ్బినా అది ఊడిరాకూడదు. జెల్ కణం సూక్ష్మంగా కూడా ఉండవలెను: వ్యాసం పదోవంతైతే, ఉబ్బే కాలం నూరోవంతౌతుంది.

అసలు చిక్కు వేరొకటి కలదు. ఒక చోట వెలుగు హెచ్చుటకు ఆమ్లతయే కారణం కానక్కరలేదు. అక్కడ జెల్ ఎక్కువగా పోగుపడినను వెలుగు హెచ్చుతుంది. చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా ఈ రెండింటినీ వేరుచేసి చెప్పదు. ఆరోగ్యవంతమైన కణజాలాన్ని కణితియని భ్రమించే ప్రమాదం ఇక్కడే ఉన్నది. అందుచేత పి.హెచ్.తో మారని రెండవ సంకేతాన్ని, ఉదాహరణకు ఫ్లోరిన్‌ను, ఆ జెల్‌కే జతచేసే మార్గం ఒకటున్నది. ఫ్లోరిన్ సంకేతం జెల్ పరిమాణాన్ని తెలుపుతుంది. మొదటి సంకేతాన్ని దానితో భాగించగా మిగిలేది ఆమ్లత.