ఓటీపీ కూడా సంతకమే

చెరువు రైతు కంపెనీ డైరెక్టరయ్యాడు. ఆయన ఎవరో రుజువు చేయించే బాధ్యత ఆడిటరు బల్ల మీదికొచ్చింది. కాగితాలు సర్దినంత మాత్రాన ఆ పని పూర్తికాదు.

"ఏవండీ, మీ ఫోనుకు ఓటీపీ వచ్చిందాండీ?"

"ఆయ్, వచ్చిందండీ. రాసుకోండి."

ఆడిటరు ఆఫీసుకూ చెరువు గట్టుకూ మధ్య అర నిమిషంలో ముగిసే మాట ఇది. అది దేని కోసమని అడిగే డైరెక్టరు అరుదు. చెప్పే తీరిక గుమస్తాకూ ఉండదు.

ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ నడుమ జాతీయ రహదారి మీదున్న ఊరు గుండుగొలను. దక్షిణాన కొల్లేరు. చుట్టుపక్కల చేపల చెరువులు, రైసు మిల్లులు, ఐసు ఫ్యాక్టరీలు, మేత వ్యాపారాలు. ఇలాంటి చోట వ్యాపారమంటే సొంతదో, అన్నదమ్ముల భాగస్వామ్యమో. ఇప్పుడు వాటి పక్కన ప్రైవేట్ లిమిటెడ్లు, రైతు ఉత్పత్తిదారుల కంపెనీలు చేరాయి. దేశవ్యాప్తంగా 10 వేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకాన్ని కేంద్రం 2020 ఫిబ్రవరి 29న ప్రారంభించింది. అలాంటి సంఘం ఉత్పత్తిదారుల కంపెనీగా నమోదైతే కనీసం అయిదుగురు డైరెక్టర్లు ఉండాల్సిందే. అంటే అయిదు డిన్‌లు (డైరెక్టరు గుర్తింపు సంఖ్యలు), అయిదు కేవైసీలు (గుర్తింపు తనిఖీలు).

బొమ్మ డైరెక్టర్ల బెడద

కాగితాల మీద తప్ప ఎక్కడా లేని కంపెనీలపై కేంద్రం 2017లో కొరడా ఝళిపించింది. 2 లక్షలకు పైగా కంపెనీలను రిజిస్టరు నుంచి కొట్టేసింది. 3 లక్షల మందికి పైగా డైరెక్టర్లను అనర్హులుగా ప్రకటించింది. మరుసటి ఏడాది జులైలో డిన్ ఉన్న ప్రతి ఒక్కరికీ కేవైసీ తప్పనిసరి చేసింది. గడువు దాటితే డిన్ పనిచేయదు. తిరిగి తెరిపించుకోవాలంటే 5,000 రూపాయలు కట్టాలి.

పేరుకే ఉండే బొమ్మ డైరెక్టర్ల వ్యవహారం మనకు దూరమేమీ కాదు. 2022 సెప్టెంబరులో చైనా సంబంధాలున్న డొల్ల కంపెనీల కేసులో గురుగ్రామ్, బెంగళూరుతో పాటు హైదరాబాద్‌లోనూ సోదాలు జరిగాయి. పెట్టెల నిండా కంపెనీ సీళ్లు, బొమ్మ డైరెక్టర్ల డిజిటల్ సంతకాలు దొరికాయని కేంద్రం ప్రకటించింది. సంతకం ఒకరిది, తాళం చెవి ఇంకొకరి దగ్గర. నమ్మకం కొద్దీ డిజిటల్ సంతకం టోకెన్‌ను ఆడిటరు సొరుగులోనే వదిలేసే మన అలవాటును ఆ పెట్టెల పక్కన పెట్టి చూడాలి.

అసలు చిక్కు ఇంటిపేరుతో

పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరం. పాన్‌లో పూర్తిగా, పేరుకు చివర. ఆధార్‌లో మొదట. మనిషి ఒక్కడే అయినా కంప్యూటరుకు ముగ్గురు. ఆడవాళ్ల విషయంలో ముడి ఇంకా బిగుస్తుంది. ఆధార్‌లో మెట్టినింటి పేరుంటుంది, పాన్‌లో పుట్టినింటి పేరుంటుంది. పెళ్లయినా సరే, ఫారంలో అడిగేది తండ్రి పేరే. పైగా పాన్‌ను ఆధార్‌తో జతచేయకపోతే 2023 జులై 1 నుంచి ఆ పాన్ పనిచేయని జాబితాలోకి వెళ్తోంది.

తర్వాతి చిక్కు ఫోను. కేవైసీ ఫారం అడిగేది డైరెక్టరు సొంత మొబైలు, సొంత ఈమెయిలు. ఓటీపీలు రెండింటికీ వస్తాయి. పని సులువవుతుందని ఆఫీసు నంబరో, హైదరాబాద్‌లో చదివే అబ్బాయి నంబరో ఇచ్చేస్తే, రేపు కంపెనీల రిజిస్ట్రార్ నుంచి వచ్చే నోటీసు కూడా అక్కడికే పోతుంది.

ముందే చేయాల్సినవి

- పాన్, ఆధార్ పక్కపక్కన పెట్టి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ సరిచూడాలి. తేడా ఉంటే ముందు కార్డు దిద్దించాలి, తర్వాతే ఫారం.
- డైరెక్టరుకు తన పేరున ఈమెయిలు తెరిపించి, వాడటం నేర్పాలి.
- డిజిటల్ సంతకం గడువు ఎప్పుడు తీరుతుందో రాసుకోవాలి. టోకెన్ యజమాని దగ్గరే ఉండాలి.
- ఫారంలో ఏముందో తెలుగులో చదివి వినిపించాకే ఓటీపీ అడగాలి.

ఏటా సెప్టెంబరు 30 గడువనే లెక్క ఇప్పుడు మారింది. 2025 డిసెంబరు 31న సవరించిన నిబంధనల ప్రకారం, 2026 మార్చి 31 నుంచి కేవైసీ మూడేళ్లకోసారి, గడువు జూన్ 30. అయితే ఫోను, ఈమెయిలు, చిరునామా మారితే 30 రోజుల్లో చెప్పాలి. ఊరట నిజమే, ప్రమాదమూ ఉంది. ఏటా చేసే పని గుర్తుంటుంది, మూడేళ్లకోసారి వచ్చేది మరుపున పడుతుంది. డిన్ మూతపడితే ఆ డైరెక్టరు సంతకంతో వార్షిక ఫారాలు వెళ్లవు. ఆలస్యానికి ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు. వరుసగా మూడేళ్లు లెక్కలు దాఖలు కాకపోతే డైరెక్టర్లకు అయిదేళ్ల అనర్హత.

ఇది మన దేశపు చాదస్తమనుకోనక్కర్లేదు. బ్రిటన్‌లోనూ 2025 నవంబరు 18 నుంచి కంపెనీ డైరెక్టర్లకు గుర్తింపు తనిఖీ తప్పనిసరైంది. అక్కడ కంపెనీ పెట్టుకున్న తెలుగువారూ ఈ గడప దాటాల్సిందే.

ఆడిటరు గారూ, కేవైసీని ఫీజు రాసుకునే ఫారంగా చూడకండి. మీ క్లయింటును డైరెక్టరుగా నిలబెట్టే పని అది. డైరెక్టరు గారూ, మీ పేరున కంపెనీ ఏం దాఖలు చేసినా జవాబుదారీ మీరే. తెల్లకాగితం మీద సంతకం పెట్టరు కదా! దేనికో తెలియకుండా ఓటీపీ కూడా చెప్పకండి.