కారు ఆల్టర్నేటరు: పారవేయుటకు ముందు పరీక్ష



నేను మైపాడువాడను. మా సముద్రపుటొడ్డునకు వేడుకకై వచ్చువారు సాయంకాలము గాలి పీల్చి మరలిపోవుదురు. ఆ గాలిలోని యుప్పు మాత్రము మాతోడనే నిలిచియుండును. కిటికీ చువ్వలను, సైకిలు గొలుసులను, రొయ్యలగుంటల కడ మోటారులను తినివేయు నా యుప్పే కారులోని యొక చిన్న యంత్రమును గూడ తినివేయుచున్నది. దాని పేరు ఆల్టర్నేటరు. దానిని ఇంటికడ బాగుచేసికొను విధమును గూర్చి నాకు తెలిసినంత నేడు మనవి చేసెదను.

కొన్నియేండ్ల క్రిందట నొకరాత్రి పొరుగింటి యమ్మాయికి నొప్పులు వచ్చినవి. నా పాతకారులో ఆమెను, ఆమె తల్లిని ఎక్కించుకొని నెల్లూరికి బయలుదేరితిని. దూరము ఇరువది కిలోమీటర్లకు పైచిలుకు. బ్యాటరీ బొమ్మగల యెఱ్ఱదీపము నా యెదుట రెండు దినములనుండి వెలుగుచునే యున్నది. ఏమగునులే యని నేను లక్ష్యపెట్టలేదు. ఇందుకూరుపేట సమీపించుసరికి ముందుదీపములు పసుపువన్నెకు దిగినవి, పిమ్మట మిణుగురులైనవి, తుదకు ఇంజనే నిలిచిపోయెను. దైవవశమున వెనుక వచ్చిన ఆటోవాడొకడు వారిని తీసికొనిపోయెను. తల్లియు బిడ్డయు క్షేమము. కాని యా చీకటిలో ఒంటరిగా నిలుచున్న యరగంట నేనింకను మఱవలేదు.

మఱునాడు ఒక మరమ్మతుదారు యంత్రమును విప్పకయే "ఇది పోయినది, క్రొత్తది వేయవలెను" అనెను. వేలరూపాయల మాట. మనసొప్పక, నెల్లూరిలో మోటారులు చుట్టు ముదుసలి యొకని కడకు తీసికొనిపోతిని. ఆయన నా యెదుటనే విప్పి, అరిగి గోరంతయైన రెండు బొగ్గుముక్కలను చేతిలో పెట్టెను. పోయినవి అవియే. వానిని, రెండు బేరింగులను మార్చినంతనే యంత్రము లేచినది. వ్యయము క్రొత్తదాని వెలలో పదవవంతైనను కాలేదు. నాటినుండి ఆయనకడ కూర్చుండి ఈ పని నేర్చుకొంటిని.

ఈ యంత్రము చేయు పని యేమి? బ్యాటరీ యొక తొట్టి వంటిది. ఇంజనును కదలించుటకు, దీపములకు, హారనుకు దానినుండి తోడుచునే యుందుము. ఆ తొట్టిని మరల నింపునది ఆల్టర్నేటరు. తీగచుట్ట కడ అయస్కాంతమును కదలించినచో తీగలో విద్యుత్తు పుట్టునని ఇంగ్లండులో మైకేల్ ఫారడే 1831వ సంవత్సరమున కనుగొనెను. మన యంత్రములో నడుమ తిరుగు అయస్కాంతమును రోటరందురు. చుట్టును కదలక యుండు తీగచుట్టలను స్టేటరందురు. రోటరు పుట్టుకతో అయస్కాంతము కాదు. బొగ్గుతో చేసిన రెండు బ్రష్షులు రాగికడియములపై ఒరయుచు దాని తీగకు కొలదిగా విద్యుత్తు నందించినపుడే అది అయస్కాంతమగును.

స్టేటరులో పుట్టు విద్యుత్తు కవ్వపుత్రాడు వలె ముందుకును వెనుకకును పోవుచుండును. బ్యాటరీకి ఒకే దిక్కున పోవునది కావలెను. అందుకై డయోడులను ముక్కలు కలవు. అవి నీటిని ఒకవైపునకే పోనిచ్చు తలుపుల వంటివి. ఇక రెగ్యులేటరు కాలువకడ లస్కరు వంటిది. బ్యాటరీకి ఎంత కావలయునో అంతయే పోనిచ్చును. పూర్వము కారులలో డైనమోలుండెడివి. అమెరికాలో క్రైస్లరు కంపెనీవారు 1960వ సంవత్సరపు వేలియంటు కారులో సిలికాను డయోడులుగల ఆల్టర్నేటరును పెట్టిరి. పిమ్మట లోకమంతయు ఆ దారినే నడచినది.

విప్పుటకు ముందు పరీక్ష చేయవలెను. కొలదివెలకు దొరకు మీటరు చాలును. రాత్రియంతయు నిలిచియున్న కారులో మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను నడచుచుండగా 13.8 మొదలు 14.5 వఱకు రావలెను. ఇంజను నడచినను పెరుగనిచో బ్యాటరీకి విద్యుత్తు చేరుటలేదు. 15 దాటినచో రెగ్యులేటరు అదుపుతప్పినది, బ్యాటరీ యుడికిపోవును. ఇట్లు తెలిసినను వెంటనే యంత్రమును నిందింపరాదు. బెల్టు వదులైనదేమో, బ్యాటరీ కొనలయందు చిలుము పట్టినదేమో, ఇంజనునుండి బాడీకి పోవు తీగ త్రుప్పుపట్టినదేమో ముందు చూడుడు. మా తీరమున సగము రోగములు అక్కడనే కుదురును.

అక్కడ దోషము లేనిచో అప్పుడు విప్పవలెను. ఇంజను నాపి, మొదట బ్యాటరీ ఋణకొనను ఊడదీయుడు. ఆల్టర్నేటరు వెనుకనున్న లావుతీగ నేరుగా బ్యాటరీనుండియే వచ్చును. స్పానరు దానికిని ఇనుమునకును ఒక్కసారిగా తగిలెనా, నిప్పులు రాలును, చేయి కాలును. తీగలను, బెల్టును, బోల్టులను తీసి యంత్రమును బల్లమీదికి చేర్చుడు. దాని రెండు చిప్పలు కలిసినచోట మేకుతో నొక గీత గీయుడు. మరల బిగించునపుడు అదియే గుఱుతు. బ్రష్షుల పెట్టెను తీసిన పిమ్మటనే చిప్పలను వేరుచేయుడు; కానిచో బ్రష్షులు విరుగును.

బ్రష్షు పెట్టె వెలుపలికి సుమారు 5 మిల్లీమీటర్లకంటె తక్కువ కనబడినచో మార్చుట మేలు. రాగికడియములు నల్లబడినచో మిక్కిలి సన్నని గరుకుకాగితముతో మెల్లగా తుడువుడు. రెండు కడియములనడుమ మీటరు పెట్టినచో మిక్కిలి కారులలో 2 నుండి 5 ఓములు చూపును. కడియమునకును ఇరుసునకును నడుమ ఏమియు చూపరాదు. చూపెనేని రోటరు చెడినదని యర్థము. స్టేటరుతీగలు మాడి నల్లబడి కంపుకొట్టుచున్నచో ఇంటిపని కాదు. డయోడు ఒకదిక్కున పోనిచ్చి రెండవదిక్కున ఆపవలెను. రెండుదిక్కుల పోనిచ్చినను, రెండుదిక్కుల ఆపినను చెడినదే.

బేరింగును చేతితో త్రిప్పినపుడు ఇసుక నలిగినట్లు తోచినచో మార్చవలెను. దానిపై చెక్కిన సంఖ్యను చూపి అట్టిదే కొనుడు. 6203 అని యున్నచో లోపలి రంధ్రము 17 మిల్లీమీటర్లని తెలియవలెను. సుత్తితో వెలుపలి వలయముపై కొట్టి యిరుసునకు ఎక్కింపరాదు. లోపలి వలయమునే సమముగా నొత్తి దించవలెను.

ఉప్పును గూర్చి ఒకమాట. వానకాలమున ఉప్పుజాడి చెమ్మగిల్లుట మీరెఱుగుదురు. యంత్రములో చేరిన యుప్పును అట్లే గాలిలోని తడిని లాగుచుండును. కావున పైకి ఎండినట్లున్నను లోపల రాగి చిలుమెక్కుచునే యుండును. వట్టి గుడ్డతో తుడిచిన చాలదు. స్టేటరును ఒంటిగా తీసి మంచినీటితో కడిగి, పలుదినములు ఎండలో నుంచి, తడి పూర్తిగా పోయిన పిమ్మటనే బిగించుడు. పెట్రోలుతో కడుగుట మహాపాయము.

బిగించిన పిమ్మట కప్పీని చేత త్రిప్పి చూడుడు, ఒరయక తిరుగవలెను. బ్యాటరీకి ధనకొనను ముందు, ఋణకొనను పిమ్మట తగిలింపుడు. ఇంజను నడిపి మీటరు చూడుడు. దీపములు వేసినను 13.5 వోల్టులకు దిగకున్నచో పని ఫలించినది. పరీక్షకని నడచుచున్న ఇంజను బ్యాటరీని ఊడదీయు పాత అలవాటొకటి కలదు. దానిని మానుడు, ఆ క్షణమున ఎగయు వోల్టులు డయోడులను, కారులోని కంప్యూటరును కాల్చివేయును. కంప్యూటరే ఆల్టర్నేటరును నడిపెడి క్రొత్తకారులలో పై యంకెలు మారుచుండును గనుక వానిని నేర్పరికే యప్పగింపుడు.

అయ్యలారా, ఇంటింట మీరీ పని చేయవలెనని నా కోరిక కాదు. ఇంటి పెద్దలు మీరు. ధనము మీ చేతిమీదుగా పోవుచున్నది. "పోయినది" అని యెవడైన చెప్పినపుడు "విప్పి చూపుము" అని యడుగుడు. విప్పి చూపువాని కూలిని బేరమాడక యిండు. ఇక యెఱ్ఱదీపము వెలిగిననాడు మీ పిల్లలను రాత్రిప్రయాణము చేయనీయకుడు. నాకు ఆ రాత్రి ఆటోవాడు దొరకెను, అందఱికిని దొరకడు. సెలవు.