మందు పండు మొక్కకు కంచె

పశువులు చేనిలోనికి చొరబడకుండ కంచె వేయుట మన పెద్దలనాటి వాడుక. చేనిలోని గింజ వెలుపలికి పోకుండ కంచె వేయవలసిన కాలము ఇప్పుడు వచ్చినది.

వేపాకుతోను, పసుపుతోను పశువులకు చికిత్స చేయుట మనమెరిగినదే. ఆ గుణము మొక్కకు సహజము. ఇప్పటి విద్య అట్టిది కాదు. వ్యాధిని కలిగించు వైరస్ నుండి గాని, జంతుశరీరము నుండి గాని ఒక జన్యువును గ్రహించి మొక్క కణములలో ప్రవేశపెట్టుదురు. ఆ జన్యువునకు చెందిన మాంసకృత్తును అటుపిమ్మట మొక్కయే తయారుచేయును. అదియే టీకాగానో, ఔషధముగానో ఉపకరించును. పశువులకు సోకు వైరస్సులు మొక్కలలో వృద్ధిపొందవు గనుక, మందుతోపాటు రోగము వచ్చునను భయమును తక్కువ.

అయినను ఇందొక చిక్కు కలదు. అమెరికాలో ప్రోడిజీన్ అను సంస్థ పందిపిల్లల అతిసారమునకు టీకా నిచ్చు మొక్కజొన్నను ఆరుబయట పొలములలో పరీక్షార్థము పండించెను. నెబ్రాస్కా రాష్ట్రమున అట్టి పొలములో మరుసటి ఏడు సోయాచిక్కుడు వేయగా, నేలరాలిన పాతగింజలు మొలచి సోయాతోపాటు కోతకు వచ్చెను. ఆ పంట గిడ్డంగిలోని 5 లక్షల బుషెళ్ల రాశిలో కలిసిపోయెను. ప్రజల ఆహారమున చేరకమునుపే 2002లో ప్రభుత్వము రాశినంతయు నిలిపివేసెను; దానిని నాశనము చేయు వ్యయముగాక, సంస్థకు 2.5 లక్షల డాలర్ల జరిమానా విధించెను. అయోవా రాష్ట్రమున పుప్పొడి సోకినదేమో యను శంకతో 155 ఎకరముల మొక్కజొన్నను తగులబెట్టించిరి.

జపానువారు మరియొక త్రోవ త్రొక్కిరి. కుక్కల శరీరమున వైరస్సుల నెదుర్కొను ఇంటర్ఫెరాన్ జన్యువును స్ట్రాబెర్రీలో చేర్చి, కుక్కల చిగుళ్లవాపునకు మందు సిద్ధపరచిరి. 2013లో దానికి ప్రభుత్వానుమతి లభించెను. హొక్కైడో దీవిలోని ఆ మొక్కలు పొలము నెరుగవు. మూసిన భవనములో దీపకాంతికి పెరుగును. పండ్లను అచ్చటనే గడ్డకట్టించి, తేమ తీసి, పొడిచేయుదురు. ఆ పొడిని కుక్క చిగుళ్లకు రుద్దుదురు. ప్రాణముగల మొక్క గడప దాటదు.

మొక్కజొన్నయు, స్ట్రాబెర్రీయు మనుష్యుడు తిను పైరులే. ఒకదానిని గాలికి విడిచిరి, ఒకదానిని గోడల నడుమ నిలిపిరి. జన్యుమార్పు మంచిదా, చెడ్డదా యని తరగతిలో వాదము పెట్టుట సులభము. అంతకుముందు విద్యార్థులచేత అడిగింపదగిన ప్రశ్నలు మూడు: ఏ మందు, ఏ మొక్కలో, ఎచ్చట? ఆరుబయట సేద్యము చౌక. గోడలకు, దీపములకు ధనము కావలెను. ఆ ధనమును మందు వెలలో భాగముగనే లెక్కింపవలెను.